మంచు మీద చేప, డ్రమ్ములో చేప: హనుమకొండలో మా హోటల్ ఎలా నిలబడింది

మా హోటల్లో కూర్చున్నవాళ్లు మొదట అడిగే మాట ఒకటే. “ఇది సముద్రపు చేపనా, చెరువు చేపనా?” మా తాత ఈ ఊళ్లో పొయ్యి వెలిగించిన రోజుల్లో కూడా ఇదే అడిగేవాళ్లట. అప్పుడు “సముద్రపుదండీ” అంటే లేచి వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు “చెరువుదండీ” అంటే కొందరి మొహం చిన్నబోతుంది. అడిగే మాట అదే ఉంది, జవాబు విలువ మాత్రం తలకిందులైంది. ఈ నలభై ఏళ్ల పైచిలుకులో ఏం జరిగితే అలా అయిందో విడమరిచి చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

“కోస్తావాళ్లు వచ్చి ఇక్కడివాళ్లకు చేపల రుచి నేర్పారు” అని కొందరు తేలిగ్గా అనేస్తారు. అది తప్పు. రామప్ప, పాకాల, లక్నవరం కాకతీయుల కాలం నాటి చెరువులు. వాటి చుట్టూ ముదిరాజులు, గంగపుత్రులు, బెస్తలు తరతరాలుగా వల వేస్తూనే ఉన్నారు. బొచ్చె, రవ్వ, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, పరక అంటూ ఒక్కోదానికి ఒక్కో కూర, ఒక్కో కాలం ఉన్న ఊరిది. కొర్రమట్టనైతే 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగానే ప్రకటించారు. ఇలాంటి చోటికి చేప నేర్పడానికి మేమెవరం? ఇంకొందరు దీన్నంతా ఐసు ఫ్యాక్టరీల మహిమగా చెబుతారు. ఐసు లేకపోతే మా హోటల్ లేదన్నది నిజమే. కానీ ఐసు వచ్చిన చాలా ఏళ్లకు గానీ గిరాకీ రాలేదు. మధ్యలో ఏదో అడ్డు ఉంది. ఆ అడ్డేమిటో తెలిస్తే మిగతా కథంతా అర్థమవుతుంది.

మావాళ్లది దివిసీమ, నాగాయలంక వైపు. పడవ మాది కాదు, పడవలో వాటా మాది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. అధికారిక లెక్క ప్రకారమే చనిపోయినవాళ్లు 10 వేలకు దగ్గర. పడవ, వల, ఇల్లు మూడూ పోయాయి. ప్రాణాలు దక్కినవాళ్లు బంధువులు ఎక్కడుంటే అక్కడికి వెళ్లారు. నాన్నమ్మ తమ్ముడు కాజీపేటలో రైల్వే ఖలాసీ. అందుకే కాజీపేట. చాలామంది వలసకు పెద్ద పెద్ద కారణాలు వెతుకుతారు. మా విషయంలో మాత్రం కారణం ఒక రైల్వే క్వార్టరు, అందులో ఖాళీగా ఉన్న ఒక వసారా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కోస్తా నుంచి ఉత్తర తెలంగాణకు వచ్చినవాళ్లందరినీ “సెటిలర్లు” అని ఒకే గంపలో వేసేస్తాం. నిజానికి వాళ్లు ఒక రకం కాదు. నిజాంసాగర్ కట్టాక 1930లలో నిజామాబాద్ వైపు భూములు కొనుక్కుని వచ్చినవాళ్లు ఒక రకం. పత్తి, మిర్చి వేయడానికి వరంగల్ పల్లెలకు వచ్చిన గుంటూరు రైతులు ఇంకో రకం. ఉద్యోగాల మీద, చదువుల మీద వచ్చినవాళ్లు మరో రకం. చేతిలో ఏమీ లేకుండా, బంధువును నమ్ముకుని దిగినవాళ్లూ ఉన్నారు. మేము ఈ చివరి రకం. భూమి కొనే స్తోమత ఉన్నవాళ్లు హోటల్ పెట్టలేదు. భూమి లేనివాళ్లే పొయ్యి పెట్టారు.

తాత ఇక్కడ మొదట అమ్మింది ఎండు చేపలు. ఆ ఎంపిక వెనక తెలివేమీ లేదు, తెలిసిన సరుకు అదొక్కటే. అయినా అది అచ్చొచ్చింది, ఎందుకంటే ఎండు రొయ్యలు, ఎండు నెత్తళ్లు ఈ ప్రాంతపు అంగళ్లకు కొత్త కాదు. చింతచిగురులో ఎండు రొయ్యలు, వంకాయలో ఎండు చేప ఇక్కడి ఇళ్లలోనూ ఉన్న వంటలే. అంటే సముద్రం మాకంటే ముందే, ఎండిపోయి, గోనె సంచుల్లో ఓరుగల్లు చేరింది. ఆ మాటకొస్తే ఓరుగల్లుకూ సముద్రానికీ సంబంధం ఇంకా పాతది. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు మొత్తం లాగేసుకునేవారు. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని, వర్తకులు భయపడనక్కర్లేదని అందులో రాయించాడు. తుఫాను తరిమితే వచ్చినవాళ్లం కాబట్టి కాబోలు, ఆ శాసనం గురించి ఎప్పుడు చదివినా నాకు మనసు నిండుతుంది.

ఎండు చేపలమ్మిన నాలుగు డబ్బులతో హనుమకొండలో ఒక గది అద్దెకు తీసుకుని, నాలుగు బల్లలు వేసి మెస్సు పెట్టారు. పచ్చి సముద్రపు చేప తెప్పించి పులుసు పెట్టాలన్నది నాన్నమ్మ పట్టుదల. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

మా గదికి ఎదురుగా ధర్మసాగర్ వైపు నుంచి ఒకామె చేపల గంపతో వచ్చి కూర్చునేది. ముదిరాజులు. మేమంతా అవ్వ అని పిలిచేవాళ్లం. తాత తెచ్చిన మొదటి పెట్టె విప్పగానే ఆమె వచ్చి చూసి, నాన్నమ్మతో అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. “చెల్లె, గివన్ని సచ్చినయే గదనే. సచ్చిన చాపను పైసలిచ్చి ఎవలు కొంటరు?”

ఇందులో ఎగతాళి లేదు. ఆమెకు తాజా చేప అంటే బతికున్న చేప. కొర్రమట్ట నీళ్లలో ఉన్నా పైకొచ్చి గాలి పీల్చుకునే చేప. ఒళ్లు తడిగా ఉంటే చాలు, నీళ్లు లేకపోయినా గంటల తరబడి బతుకుతుంది. అందుకే చెరువు నుంచి గంపలో, అంగడిలో తొట్టిలో, ఇంట్లో బిందెలో కూడా కదులుతూనే ఉంటుంది. చేప చచ్చిందంటే దాని వెల పోయినట్టే. ఐసు అవసరమే లేని పద్ధతి ఇది. మా తాతకు తాజా అంటే ఇవాళ్టి పడవలో వచ్చిన చేప. వంజరం, చందువ, కానాగంత వంటివి వలలోనే చచ్చిపోతాయి. బతికున్న వంజరాన్ని కూరకు కొన్నవాళ్లు ఆ ఒడ్డునా లేరు. అక్కడ తాజాదనం తెలిసేది మొప్పల్లో, కళ్లలో. కనుగుడ్డు ఉబ్బి నిగనిగలాడాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేవాలి.

ఒకరు కదలికను చూస్తారు, ఇంకొకరు మొప్పను చూస్తారు. రెండూ తప్పు కాదు. కానీ కదలికను చూసే కంటికి మంచు మీద పడుకున్న చేప కుళ్లిన చేపలాగే కనిపిస్తుంది. మొదటి ఏళ్లలో మా బల్లలు ఖాళీగా ఉండడానికి కారం కారణం కాదు, ఆంధ్రా తెలంగాణ రుచుల తేడా కూడా కాదు. ఒక్క పదానికి రెండు అర్థాలు ఉండడమే.

మరి అప్పట్లో తిన్నదెవరు? మొప్పను చూడడం తెలిసినవాళ్లే. కాజీపేట జంక్షన్‌లో పనిచేసే కోస్తా రైల్వే కుటుంబాలు, 1959లో మొదలైన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో, అదే ఏడాది వచ్చిన కాకతీయ మెడికల్ కాలేజీలో చదివే ఆ వైపు పిల్లలు, బ్యాంకు బదిలీల మీద వచ్చినవాళ్లు, మందులూ విత్తనాలూ కొనడానికి ఊళ్లోకొచ్చిన గుంటూరు రైతులు. ఆదివారం ఒక్కపూట వీళ్లతో గది నిండేది. మిగతా ఆరు రోజులు అప్పు. వలస హోటల్ ఏదైనా తన ఊరివాళ్లతోనే మొదలవుతుంది. అక్కడే ఆగిపోతే ఆ ఊరివాళ్లకు బదిలీ అయిన రోజున మూతపడుతుంది. మాది అలా మూతపడే దాకా వచ్చింది.

మంచు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పెట్టె మచిలీపట్నం వైపు నుంచి విజయవాడ వచ్చి, అక్కడ రైలు మారి వరంగల్ చేరేది. విజయవాడ నుంచి ఇక్కడికే 200 కిలోమీటర్ల పైచిలుకు. థర్మకోల్ పెట్టెలు అప్పట్లో మాకు అందలేదు. వెదురు గంపలో వరి ఊక పరిచి, దాని మీద దంచిన ఐసు, దాని మీద చేపలు ఒక వరస, మళ్లీ ఐసు, పైన తడి గోనెపట్టా. మన ఎండలకు కిలో చేపకు కిలో ఐసు పడాల్సిందే. ఐసు కరిగేటప్పుడే చేపలోని వేడిని లాగుతుంది, కాబట్టి కరగడం నష్టం కాదు, అదే దాని పని. కరిగిన నీళ్లు మాత్రం అడుగు నుంచి కారిపోవాలి, నిలిస్తే అడుగు వరస పాడవుతుంది. సరిగ్గా ఐసు పెట్టిన సముద్రపు చేప వారం దాకా నిక్షేపంగా ఉంటుంది. ఐసు తప్పితే వరంగల్ వేసవిలో ఒక్క పూట చాలు. అన్నిట్లోకీ కానాగంతతో ఎక్కువ జాగ్రత్త పడాలి. వేడి తగిలితే దాని కండలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. ఒకసారి పుట్టాక ఎంత ఉడికించినా పోదు. తిన్నవాళ్ల మొహం ఎర్రబడి, ఒళ్లు దద్దుర్లెక్కి, తల పగిలిపోతుంది. వాసన బాగానే ఉంది కదా అని వండడం అందుకే ప్రమాదం.

తెల్లవారుజామున స్టేషన్‌లో పెట్టె దింపుకోవడానికి తాత నాన్నను వెంట తీసుకెళ్లేవాడు. ప్లాట్‌ఫాం మీద గోనెపట్టా తీసి, పై చేప కాకుండా అట్టడుగు చేపను బయటికి లాగేవాడు. బొటనవేలితో మొప్ప మూత ఎత్తి, లైటు కిందికి తిప్పి చూసేవాడు. ఎరుపు ఉంటే ఒక్క మాట కూడా మాట్లాడకుండా గంప సైకిలుకు కట్టేవాడు. గోధుమ రంగు కనిపిస్తే ఆ మొప్ప మూత అలా పట్టుకునే కాసేపు నిలబడిపోయేవాడట.

ఒక మే నెలలో గంప దారిలో ఎక్కడో ఆగిపోయి రోజున్నర ఆలస్యంగా చేరింది. అందులో ఉన్నది అప్పు తెచ్చిన డబ్బు. తాత గది వెనక గొయ్యి తవ్వి మొత్తం పూడ్చేశాడు. కొంచెం మసాలా దట్టిస్తే తెలియదులే అని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు, ఆయన వినలేదు. మర్నాటి సరుకుకు చేతిలో పైసా లేదు. గొయ్యి తవ్వడం ఎదురుగా కూర్చుని చూసిన అవ్వ సాయంత్రం వచ్చి, నాలుగు కొర్రమట్టలు బిందెలో వేసి నాన్నమ్మ ముందు పెట్టింది. “రేపు గివి వండు. అమ్ముడుపోయినంక పైసలియ్యి.”

నాన్నమ్మకు కొర్రమట్టను కడగడం కూడా రాదు. చేతిలోంచి జారిపోతుంది. అవ్వే పొయ్యిలోంచి బూడిద తీసి చేపకంతా పట్టించి, గరుకు బండ మీద రుద్ది, జిగురు పోయేదాకా చూపించింది. ఆ రోజు నుంచి మా మెస్సులో రెండు గిన్నెలు మొదలయ్యాయి. ఒకటి సముద్రపు పులుసు, ఇంకొకటి చెరువు పులుసు. మా హోటల్ ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే నేను నాలుగు బల్లలు వేసిన రోజు చెప్పను, బూడిద రుద్దిన రోజే చెబుతాను.

కొర్రమట్ట కోసం వచ్చిన ఇక్కడివాళ్లు పక్క గిన్నె వాసన చూశారు. ఒక ముక్క రుచి చూస్తామన్నారు. గిరాకీ ఆ ముక్కతో తిరిగింది. అది కుదరడానికి పులుసే కారణమని నా నమ్మకం, దానికి రసాయన శాస్త్రం ఆధారం కూడా ఉంది. సముద్రపు చేప నీచు వాసనకు కారణం ట్రైమిథైలమీన్ అనే పదార్థం. చెరువు చేప బురద వాసనకు కారణం జియోస్మిన్ అనే మరో పదార్థం. రెండింటికీ విరుగుడు పులుపే. పులుపు తగిలితే మొదటిది గాల్లోకి లేచే గుణం పోగొట్టుకుంటుంది, రెండోది విరిగిపోతుంది. దివిసీమలోనూ ధర్మసాగర్‌లోనూ ఆడవాళ్లు చేపలో చింతపండు పిసకడం వెనక ఇదే ఉంది. పేర్లు తెలియకపోయినా పని తెలుసు. రెండు ఊళ్లకూ ముందే ఉన్న ఉమ్మడి వంట అది.

తేడాలు కూడా ఉన్నాయి, అవి నెమ్మదిగా కలిశాయి. నాన్నమ్మ గుంటూరు కారం వేస్తే ఇక్కడివాళ్లు నోరు మంట అన్నారు, తగ్గిస్తే ఎరుపు తగ్గి కూర పాలిపోయింది. ఎనుమాముల మార్కెట్‌లో దొరికే చపాటా మిర్చి ఆ చిక్కు విప్పింది. లావుగా, పొట్టిగా, ముదురెరుపుగా ఉంటుంది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో దీనికి జీఐ గుర్తింపు (ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అనే అధికారిక ముద్ర) వచ్చినప్పుడు మా వంటింట్లో అందరం స్వీట్లు తిన్నాం. ఇప్పుడు మా పులుసులో గుంటూరు ఒక పాలు, చపాటా రెండు పాళ్లు. చెరువు చేప గిన్నెలో ఎండుకొబ్బరి, కాల్చిన ఉల్లిగడ్డ నూరి వేయడం అవ్వ పద్ధతి. నాన్నమ్మ దాన్ని సముద్రపు గిన్నెలోకి రానివ్వలేదు. అమ్మ వచ్చాక రానిచ్చింది. పీతల కూర ఈ బోర్డు మీద “ఎండ్రకాయల కూర” అయింది కూడా అమ్మ కాలంలోనే.

రొయ్యల కథ దీనికి వేరు, దాన్ని త్వరగా చెబుతాను. 1990ల మొదట్లో కోస్తా చెరువుల్లో టైగర్ రొయ్య పండేది, మంచిదంతా విదేశాలకు పోయేది, మాకు మిగిలింది చిన్నవీ తోక విరిగినవీ. 1994-95లో తెల్లమచ్చ వైరస్ ఆ చెరువులను ఊడ్చేసింది, రొయ్య వేపుడు మా బోర్డు మీద నుంచి పోయింది. 2009లో వెనామీ అనే వేరే రకం రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక మళ్లీ వచ్చింది, ఈసారి ఏడాది పొడవునా. కాబట్టి సముద్రపు రొయ్య అనుకుని మీరు ఇష్టంగా తినేది చాలావరకు చెరువులో పెరిగినదే. కిలో రొయ్యలు వలిస్తే చేతికొచ్చేది సగానికి కాస్త ఎక్కువ, ప్లేటు ధర చూసి కోపం వచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోండి. విదేశీ ఎగుమతి కుంటుపడితే ఇక్కడ సరుకు పెరుగుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం రైతుకు ఎంత టెన్షనో, మాకు ఫోన్లు చేసే వ్యాపారుల గొంతుల్లో వినిపించింది.

తెలంగాణ ఉద్యమం గురించి రాయకుండా ఈ లెక్క పూర్తి కాదు. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. మా షట్టరు ఎక్కువ రోజులు దించే ఉంది. బోర్డు మీద అప్పటిదాకా “ఆంధ్రా చేపల భోజనం” అని ఉండేది. ఒక రాత్రి నాన్న నిచ్చెన వేసుకుని మొదటి పదం మీద తానే రంగు పూశాడు. భయంతో పూశాడా అని చాలా ఏళ్ల తర్వాత అడిగాను. భయం ఉందన్నాడు. అయితే వంటింట్లో రెండు గిన్నెలుండగా బోర్డు మీద ఒక్క ఊరి పేరే ఉండడం అంతకుముందు నుంచే తనకు తప్పుగా అనిపించేదని కూడా అన్నాడు. ఆయన రెండు మాటలూ నేను నమ్ముతాను. మమ్మల్ని వెళ్లిపొమ్మని మొహం మీద అన్నవాళ్లు ఒకరిద్దరు. షట్టరు దించి ఉన్న రోజుల్లో అవ్వ కొడుకు మా ఇంటికి బియ్యం తెచ్చి దించాడు. ఇద్దరినీ మర్చిపోలేదు, కానీ ఎక్కువ గుర్తొచ్చేది రెండోవాళ్లే.

రాష్ట్రం వచ్చాక మా వ్యాపారాన్ని మార్చింది చెరువులే. 2015లో మిషన్ కాకతీయ కింద పూడికలు తీశారు, 2016 నుంచి మత్స్యకార సంఘాలకు ఉచితంగా చేపపిల్లలు ఇవ్వడం మొదలైంది. చెరువు మీద హక్కు సంఘానిది కాబట్టి మేము సంఘంతోనే మాట్లాడుకుంటాం, ముందే కొంత బయానా ఇస్తాం. అటు సముద్రపు చేప రైలు వదిలి లారీ ఎక్కింది. మాకు వచ్చే పెట్టెలు చాలావరకు విశాఖ, కాకినాడల నుంచి హైదరాబాద్ రాంనగర్ మార్కెట్‌కు వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి వస్తాయి. పక్కనుంచే వెళ్లి తిరిగొచ్చే ఆ దూరం కూడా ధరలో కలుస్తుంది.

ఇక మొదట అడిగిన ప్రశ్నకు జవాబు. సముద్రపుదా, చెరువుదా అన్నది నెలను బట్టి చెప్పాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది, నిషేధం ఉండి తీరాలి. ఆ రెండు నెలలు వంజరం, చందువ దొరకడం కష్టం. దొరికినదాంట్లో చాలావరకు ఫ్రీజర్‌లోదే, అది మేము తీసుకోం. సరిగ్గా అదే కాలంలో ఇక్కడ చెరువులు అడుగంటుతాయి, వలలు పడతాయి, ఏడాదంతా పెరిగిన చేప ఒక్కసారిగా ఒడ్డుకొస్తుంది. సముద్రం మూసిన తలుపును చెరువు తెరుస్తుంది. శ్రావణంలో, కార్తీకంలో, అయ్యప్ప మాలల రోజుల్లో సముద్రం నిండా చేపలున్నా మా బల్లలు ఖాళీ. అప్పటి నష్టాన్ని పూడ్చేది వేసవి చెరువే.

అన్నిటికంటే పెద్ద రోజు మృగశిర కార్తె, జూన్ మొదటి వారం దాటాక వస్తుంది. ఆ రోజు చేప తినని ఇల్లు తక్కువ. హనుమకొండలో చేపల అంగళ్ల దగ్గర తెల్లవారకముందే తొక్కిసలాట. ఏడాదిలో మాకు అంత గిరాకీ ఇంకో రోజు ఉండదు. వేట నిషేధం ముగియడానికి అప్పటికి ఇంకా వారం ఉంటుంది. సముద్రం నుంచి వచ్చినవాళ్లు పెట్టిన హోటల్లో ఆ రోజు సముద్రపు చేప ముక్క ఒక్కటి కూడా ఉండదు.

నిరుడు మృగశిర నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు అవ్వ మనవడు ట్రాలీ ఆటోలో నీలం డ్రమ్ములు తెచ్చాడు. ఇప్పుడు వాళ్ల సంఘం లెక్కలు చూసేది అతనే. మూత తీయగానే కొర్రమట్టలు డ్రమ్ము గోడలకు కొట్టుకుంటున్న చప్పుడు వీధంతా వినిపించింది. నాన్న వంగి ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అది విదిలించుకుంటూనే ఉంది. అంత కదులుతున్న చేపకు కూడా అలవాటు కొద్దీ బొటనవేలితో మొప్ప మూత ఎత్తి, లైటు కిందికి తిప్పి చూశాడు. “పెదనాయినా, అది బతికే ఉన్నది” అన్నాడు ఆ అబ్బాయి. నాన్న తలూపి, చేపను డ్రమ్ములో వదిలి, బూడిద తెమ్మని లోపలికి కేకేశాడు.